ఆసామి సరేనంటేనే

ఇంగ్లండ్ తూర్పు భాగంలో, నార్ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దున బ్రెక్‌లాండ్ అనే ఇసుక నేల ఉంది. ఇంగ్లండ్ అనగానే మనకు ఎడతెగని వాన గుర్తొస్తుంది గానీ, ఆ దేశంలో వాన తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. మట్టి గుప్పెట్లోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పొలాల మధ్య గాలి ఆపడానికి ఎప్పుడో నాటిన పైన్ చెట్ల వరసలు వంకర్లు తిరిగి నిలబడి ఉంటాయి. బార్లీ, చక్కెర దుంప, క్యారెట్ పండిస్తారు. పొలాల్లో ఆరుబయటే పందులను మేపుతారు. నేను వెళ్లింది జనవరిలో. నార్విచ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి ఇంట్లో దిగాను. వాళ్ల పక్కింటి పెద్దాయన ఫెర్రెట్లు పెంచుతాడు. చలికాలం వస్తే వాటిని వెంటేసుకుని రైతుల పొలాల్లో కుందేళ్లు పడతాడు. ఆ పట్టడమేదో చూడాలని ఉందని అడిగాను. "పట్టడం తర్వాత. ముందు నాతో వచ్చి అడగడం చూడండి. నా పనిలో ముప్పాతిక భాగం అదే" అన్నాడాయన.

ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువును మనిషి రెండు వేల ఏళ్లకు పైబడి మచ్చిక చేసుకుంటూ రాగా తయారైన జీవి ఫెర్రెట్. మూరెడు ఒళ్లు, పొట్టి కాళ్లు. ముంగిసను చూసిన కళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. మగదాన్ని హాబ్ అంటారు, ఆడదాన్ని జిల్ అంటారు. ఒళ్లు సన్నగా ఉంటుంది కాబట్టి బొరియల్లోకి ఎక్కువగా జిల్‌నే వదులుతారు. కుందేలును బెదరగొట్టి బయటికి తరమడం వరకే దాని పని. కన్నం బయట వల వేసుకుని కూర్చున్న మనిషిది మిగతా పని.

ఇక్కడి కుందేలు సంగతి కొంచెం చెప్పాలి. మన మెట్ట పొలాల్లో ఒంటరిగా, నేల మీదే పడుకునే కుందేలు హేర్ జాతిది. ఇంగ్లండ్‌లోనూ హేర్ ఉంది. కానీ పంటలు పాడుచేసేది ముఖ్యంగా ర్యాబిట్, అంటే నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే కుందేలు. అది నెల తిరక్కుండా ఈనుతుంది, ఈనిన గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. ఇసుక నేల దొరికిందంటే ఇక చెప్పేదేముంది.

పెద్దాయన మొదట నన్ను పొలానికి తీసుకెళ్లలేదు. థెట్‌ఫర్డ్ ఊరి బయట, పైన్ అడవి మధ్య ఉన్న ఒక రాతి కట్టడం దగ్గరికి తీసుకెళ్లాడు. థెట్‌ఫర్డ్ వారెన్ లాడ్జ్ అంటారు దాన్ని. చెకుముకి రాళ్లతో కట్టిన మందమైన గోడలు, రెండంతస్తులు, చిన్న చిన్న కిటికీలు. కోట అనుకున్నాను. కుందేళ్ల కాపలా ఇల్లట! 1400 ప్రాంతంలో థెట్‌ఫర్డ్ మఠాధిపతి కట్టించాడని చెబుతారు. ఆయుధాలతో వచ్చే దొంగ వేటగాళ్ల నుంచి కాపలావాళ్లను కాపాడటానికి అంత మందపు గోడలు అవసరమయ్యాయి.

నార్మన్లు పన్నెండో శతాబ్దంలో కుందేళ్లను ఇంగ్లండ్‌లో పెంచడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అవి ఈ చలికి, తడి నేలకు తట్టుకోలేని సుకుమారపు జీవాలు. వాటికోసం మెత్తటి మట్టి దిబ్బలు పోసి, గట్లు కట్టి, కాపలా పెట్టి సాకేవాళ్లు. ఆ పెంపకపు భూమిని వారెన్ అన్నారు, దాని కాపరిని వారెనర్ అన్నారు. మాంసం ప్రభువుల బల్ల మీదికి వెళ్లేది, బొచ్చు దుస్తులకు పోయేది. పేదవాడు ముట్టుకుంటే దొంగతనం. ఫెర్రెట్‌తో వేట అప్పటికే ఉంది. పద్నాలుగో శతాబ్దం తొలినాళ్ల క్వీన్ మేరీ సాల్టర్ అనే ప్రార్థనా గ్రంథంలో, ఇద్దరు స్త్రీలు బొరియలోకి ఫెర్రెట్‌ను వదిలి కుందేలును వలలో పడుతున్న బొమ్మ ఉంది. 1390లో రెండో రిచర్డ్ కాలంలో ఒక చట్టం తెచ్చారు. ఏటా 40 షిల్లింగుల రాబడి వచ్చే భూమి లేని సామాన్యుడు వేట కుక్కల్ని గానీ, ఫెర్రెట్లను గానీ, వలలను గానీ ఉంచుకోకూడదని దాని సారాంశం. భూమి లేనివాడికి వేట లేదు, వేట సాధనమూ లేదు. అనుమతి అడిగే ప్రశ్నే లేదు, అడిగే అర్హతే లేదు కాబట్టి.

ఆ సుకుమారపు కుందేలు కాలక్రమేణా వారెన్ దాటి పొలాల మీద పడింది. చలికి అలవాటుపడింది. పంట పండించేది కౌలు రైతు, దాన్ని మేసేది దొర కుందేలు. చాలా కౌలు ఒప్పందాల్లో వేట జంతువులన్నీ భూస్వామివేనని రాసి ఉండేది. కళ్ల ముందే పంట పోతున్నా రైతు చెయ్యెత్తకూడదు. 1863లో మన మహారాజా దులీప్ సింగ్ ఈ థెట్‌ఫర్డ్ పక్కనే ఎల్వెడన్ ఎస్టేట్ కొన్నాడు. రాజ్యం పోగొట్టుకుని ఇక్కడికొచ్చిన ఆ పంజాబు రాజు గొప్ప గురికాడుగా, వేట భూముల యజమానిగా ఇంగ్లండ్ అంతటా పేరు పొందాడు. ఆయన సమాధి ఎల్వెడన్ చర్చి ఆవరణలో ఉంది. థెట్‌ఫర్డ్ ఊళ్లో గుర్రం మీద కూర్చున్న విగ్రహమూ ఉంది. ఆయన కాలపు ఎస్టేట్లలో వేటకు ఉన్న విలువ ముందు, కౌలు రైతు బార్లీ కంకికి ఉన్న విలువ ఎంతని?

రైతుల అసంతృప్తి ముదిరి, ప్రధాని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం 1880లో గ్రౌండ్ గేమ్ చట్టం తెచ్చింది. భూమి ఎవరిదైనా, దాన్ని సాగు చేస్తున్నవాడికి ఆ నేల మీది కుందేళ్లను పట్టే హక్కు ఉంటుందని ఆ చట్టం చెప్పింది. అక్కడితో ఆగలేదు. ఆ హక్కును వదులుకుంటానని రైతు సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదని కూడా రాసింది. సాగుదారు తన తరఫున మరొకరిని పంపాలంటే రాతపూర్వకంగా అధికారమివ్వాలి. ఆ పొలంలో వేట హక్కు ఉన్న ఇంకెవరైనా వచ్చి కాగితం చూపించమంటే చూపించాలి. చూపించలేకపోతే ఆ అధికారం లేనట్టే లెక్క. పెద్దాయన జేబులో ప్లాస్టిక్ కవర్లో మడిచిపెట్టుకుని తిరిగే కాగితాలకు మూలం అక్కడుంది.

మొదట వెళ్లింది ఒక పెద్ద ఎస్టేట్‌కు. కారు గేటు బయటే ఆపాడు. లర్చర్ అనే తన వేట కుక్కను ఇంటి దగ్గరే వదిలి వచ్చాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. ఈ తూర్పు కౌంటీల్లో పందేల కోసం కుక్కలతో హేర్‌ను తరిమే ముఠాలు తిరుగుతుంటాయి. మొలకెత్తిన పొలాల మీదుగా జీపులు తోలతారు, గేట్లు విరగ్గొడతారు, అడ్డం వచ్చిన రైతును బెదిరిస్తారు. 2022లో శిక్షలు పెంచుతూ చట్టం చేశారు. అప్పటినుంచి కుక్కతో హేర్‌ను వెతికే ఉద్దేశంతో పరాయి భూమిలోకి అడుగు పెట్టడమే నేరం. "ముక్కూ మొహం తెలియనివాడు లర్చర్‌తో వాకిట్లో నిలబడితే రైతు ముందు ఫోన్ తీస్తాడు. తప్పు రైతుది కాదు" అన్నాడు.

ఎస్టేట్ గేమ్‌కీపర్, అంటే అక్కడి వేట పక్షుల్ని చూసుకునే ఉద్యోగి, మర్యాదగా విన్నాడు. కుందేళ్లు ఉన్నాయన్నాడు, పట్టాల్సిందేనన్నాడు. కానీ ఫిబ్రవరి 1 దాటాకే రమ్మన్నాడు. ఆ తేదీతో ఫెజెంట్ పక్షుల వేట కాలం ముగుస్తుంది. అంతవరకు పొదల్లో మనుషులు తిరిగితే, డబ్బు కట్టి వేటకు వచ్చేవాళ్ల కోసం కాపాడుకుంటున్న పక్షులు చెదిరిపోతాయి. పెద్దాయన మారు మాట్లాడకుండా తేదీ రాసుకున్నాడు. బయటికొచ్చాక నాకు లెక్క చెప్పాడు. ఫెర్రెట్ పని అక్టోబరు నుంచి మార్చి దాకా. మంచుకు దురదగొండి ఆకు, గడ్డి చచ్చి కన్నాలు బయటపడతాయి. మార్చి వచ్చేసరికి బొరియల్లో పిల్లలు మొదలవుతాయి, వాటి దగ్గర ఫెర్రెట్ ఆగిపోతుంది. అంటే పెద్ద ఎస్టేట్లలో ఆయనకు మిగిలేది ఫిబ్రవరి ఒక్కటే. "బతిమాలితే జనవరిలోనే వదిలేవాడేమో" అన్నాను. "వదిలేవాడు. పక్షి చెదిరిందంటే వచ్చే ఏడు పిలవడు" అన్నాడు.

రెండోది కౌలు కమతం. ఎర్ర ఇటుకల ఇల్లు, వెనక పశువుల కొట్టం. తలుపు తీసింది యాభై దాటిన ఒక ఆవిడ. సాగంతా ఆవిడదే. పెద్దాయన టోపీ తీసి, ఎక్కడుంటాడో చెప్పి, పక్క ఊళ్లో తాను పనిచేసే రైతు పేరు చెప్పాడు. వేట మాట ఎత్తలేదు. "అమ్మా, రోడ్డు మీంచి చూశాను. ఉత్తరం వైపు బార్లీ అంచు తగ్గిపోయినట్టుంది. కుందేళ్లేనా?" అని అడిగాడు. ఆవిడ బూట్లు తొడుక్కుని మమ్మల్ని వెంటబెట్టుకుని పొలానికి నడిచింది.

అక్కడ చూశాను. మొక్కల కంచె దగ్గర మొదలై, పొలంలోకి నెలవంకలా తిరిగి, మళ్లీ కంచె దగ్గర ముగిసే బోడి నేల. దాని అవతల వేలెడెత్తు పచ్చటి బార్లీ. మధ్యలో కొరికి వదిలిన మొదళ్లు, నల్లటి పెంటికలు. బొరియ నుంచి ఎంత దూరం ధైర్యంగా వచ్చి మేయగలవో అంతవరకే ఆ నెలవంక. ఏడెనిమిది కుందేళ్లు ఒక గొర్రె మేత మేస్తాయని అక్కడి రైతులు చెప్పుకుంటారు. ఆ గట్టు వెంబడి ఎన్ని గొర్రెలు మేసినట్టో ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

అప్పుడు ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. గట్టు తవ్వాల్సొస్తే పూడుస్తారా? పక్క చేలో కడుపుతో ఉన్న గొర్రెలున్నాయి, అటు వెళ్తారా? ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు? ఆ మూల పెద్ద కన్నాలున్నాయి, అవి బ్యాడ్జర్‌వేమో? పెద్దాయన ఒక్కొక్కటికీ జవాబు చెప్పాడు. తవ్విన గుంట తవ్విన రోజే పూడుస్తాడు. గొర్రెల చేలోకి అడుగు పెట్టడు. వేట సంఘం సభ్యత్వంతో వచ్చే బీమా కాగితం చూపించాడు. ఇక బ్యాడ్జర్ కూడా బొరియల్లో బతికే జంతువే. దాని కన్నం అడ్డంగా వెడల్పుగా, పడుకోబెట్టిన డి అక్షరంలా ఉంటుంది. బ్యాడ్జర్‌ను కాపాడే 1992 చట్టం ప్రకారం ఆ కన్నాన్ని కదిలించడమే నేరం. అలాంటిది కనిపిస్తే ఆ గట్టు మొత్తం వదిలేస్తానన్నాడు. చివరికి ఆవిడ నావైపు చూసింది. "ఈయన ఇండియా నుంచి చూడటానికి వచ్చారు. మీరు వద్దంటే రోడ్డు మీదే నిలబడతారు" అన్నాడు పెద్దాయన. ఆ పొలం పక్కనుంచి అందరూ నడవడానికి హక్కున్న కాలిబాట ఉంది. ఆ బాట మీద నడవడం వరకే హక్కు, దాని పక్క గట్టు మీద కాలు పెట్టాలంటే ఆవిడ మాట కావాలి. ఆవిడ సరేనంది. నాకు ఆ సరే ఎంతో గౌరవంగా అనిపించింది.

వంటింటి బల్ల మీద కాగితం రాశారు. ఆవిడ పేరు, ఆయన పేరు, ఏ పొలాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ జంతువు, ఏ పద్ధతి. కిందనే చిన్న పటం గీసి గొర్రెల చేను మీద అడ్డగీత కొట్టారు. వచ్చే ముందు రోజు ఫోన్ చేయాలని చివర రాసుకున్నారు. ఇద్దరి సంతకాలు, ఇద్దరికీ చెరొక ప్రతి.

పని రోజు మంచు పడి నేల గట్టిగా ఉంది. పెద్దాయన ముందు గట్టంతా మౌనంగా తిరిగాడు. కొత్త ఇసుక చిమ్మిన కన్నం, సాలెగూడు కట్టిన కన్నం వేరువేరుగా చూసుకున్నాడు. బొరియ మీద గట్టిగా అడుగేయకూడదు, మాట్లాడకూడదు. ప్రతి కన్నం మీదా ఒక సంచి వల పరిచాడు. జనపనార దారంతో అల్లిన వల, దాని చుట్టూ బిగుసుకునే తాడు, తాడు కొసన చెక్క మేకు. మేకును కన్నం పైన నేలలో దిగగొట్టాడు. కుందేలు దూకిన ఊపుకే తాడు లాగుకుని సంచి మూతి మూసుకుంటుంది. జిల్ మెడకు చిన్న ట్రాన్స్‌మిటర్ పట్టీ కట్టి, ఒక వల అంచు ఎత్తి లోపలికి వదిలాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత నేల లోపల దబ్‌మని ఒక చప్పుడు. కుందేలు వెనక కాలితో నేలను తన్ని తోటివాటిని హెచ్చరించే చప్పుడది, నా అరికాళ్లకు తెలిసింది. ఆ వెంటనే మా ఎదుటి వల ఎగిరిపడి ముద్దకట్టింది. పెద్దాయన రెండడుగుల్లో దాని మీద ఉన్నాడు. ఒక చేత్తో వెనక కాళ్లు, ఒక చేత్తో తల పట్టుకుని క్షణంలో మెడ విరిచాడు. జంతువును బాధపెట్టకుండా చంపాలన్నది అక్కడ చట్టం. అంతకన్నా ముందు ఆయన పట్టుదల. ఖాళీ అయిన కన్నం మీద వెంటనే మరో వల పరిచాడు. ఇంకో బొరియలో జిల్ బయటికి రాలేదు. లోపలే కుందేలును చంపి అక్కడే ఉండిపోయిందన్నమాట. చేతిలోని పరికరంతో దాని చోటు, లోతు కనిపెట్టి పారతో తవ్వాడు. మోచేతి లోతులో జిల్ తెల్లటి వీపు కనిపించింది. దాన్ని తీశాక, పెళ్ల మీద పెళ్ల పేర్చి గడ్డి పైకొచ్చేలా గుంట పూడ్చి బూటుతో తొక్కాడు. తవ్విన చోటు వెతికినా దొరకదు. మూసి ఉన్న గేటు మూసే వచ్చాం, తెరిచి ఉన్నది తెరిచే వదిలాం. కడుపు చీల్చి శుభ్రం చేసిన రెండు కుందేళ్లను ఆవిడ కొట్టం గడప దగ్గర వేలాడదీసి, ఎన్ని పట్టిందీ, ఏ గట్టు మిగిలిందీ చీటీ రాసి పెట్టాడు.

మా కృష్ణా డెల్టాలో ఎలుకలు పట్టడానికి వచ్చే యానాదులు గుర్తొచ్చారు. సాయంత్రం చేలో బుట్టలు పెట్టి, తెల్లారి ఎలుకలు లెక్కగట్టి కూలి తీసుకునేవాళ్లు. గట్టు తవ్వితే నీళ్లు పోతాయని రైతు భయం. ఆ గట్టును రైతుకన్నా జాగ్రత్తగా పూడ్చే మనిషినే ఏటా పిలిచేవాళ్లు. ఏ దేశంలోనైనా పరాయి పొలంలో పనిచేసేవాడి పరపతి గట్టు మీద తెలుస్తుంది.

బ్రెక్‌లాండ్‌లో ఇంకో సంగతి కూడా చూశాను. పొలానికి అవతల, పంట వేయని హీత్ భూమిలో కొమ్మలు కుప్పలుగా పోసి ఉన్నాయి. కుందేళ్లకు నీడ కోసం! 1953లో మిక్సోమటోసిస్ వ్యాధి ఈ దేశానికి వచ్చి కొద్ది ఏళ్లలో నూటికి 95కు పైగా కుందేళ్లను చంపేసింది. 1990ల నుంచి రక్తస్రావం కలిగించే మరో వైరస్ పట్టుకుంది. కుందేలు మేసి పొట్టిగా ఉంచిన పచ్చికలోనే స్టోన్ కర్లూ పక్షి గూడు పెడుతుంది, అరుదైన ఇసుక నేల మొక్కలు మొలుస్తాయి. కుందేలు పోతే అవీ పోతాయి. అందుకని ప్రకృతి సంరక్షకులు అక్కడ వాటిని పెంచాలని చూస్తున్నారు. కంచెకు ఇవతల బార్లీ రైతుకు అవి తెగులు. ఇంగ్లండ్‌లో 1954 నాటి పెస్ట్స్ చట్టం కింద, దాదాపు దేశమంతటా, తన భూమిలో కుందేళ్లను అదుపులో పెట్టాల్సిన బాధ్యత సాగుదారుదే. ఒకే కుందేలు, ఒకే కంచె, రెండు న్యాయాలు. ఏ పొలంలో ఏ న్యాయమో ఆ పొలం మనిషినే అడగాలి. అందుకే పెద్దాయన కాగితం మీద ప్రాంతం పేరు రాసి ఊరుకోడు, గట్టు గట్టుకూ గీత గీస్తాడు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలు రక్షిత జంతువు. సొంత చేలో పట్టినా నేరమే, ఆసామి అనుమతికి అక్కడ విలువ లేదు. అది సబబే. మన కుందేలుకు ఆ కాపుదల కావాలి. నేను అక్కణ్నుంచి తెచ్చుకోదలిచింది వేట కాదు. ఆ ఎర్ర ఇటుకల ఇంట్లో సంతకం పెట్టిన ఆవిడ భూమికి యజమాని కాదు, కౌలుదారు. అయినా ఆ కాగితానికి భూస్వామి సంతకం అక్కర్లేకపోయింది. 1390లో భూమి లేనివాడి చేతిలోంచి వల కూడా లాక్కున్న దేశం, 1880 నాటికి పంట పండించేవాడి మాటకు ఏ ఒప్పందమూ చెరపలేని విలువ ఇచ్చింది. మధ్యలో దాదాపు అయిదు వందల ఏళ్లు పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తానంది, కానీ దానికి భూ యజమాని సంతకం కావాలంది, గడువు 11 నెలలంది. ఆ సంతకం దొరక్క పంట రుణానికీ బీమాకూ దూరమైన కౌలు రైతులను మా ఊళ్లోనే ఎరుగుదును. పంటను కాపాడుకునే హక్కు దాన్ని పండించే మనిషిదేనని, ఆ హక్కును అతని చేత వదిలిస్తూ ఎవరు ఏం రాయించుకున్నా చెల్లదని మన చట్టంలోనూ ఒక వాక్యం ఉండాలి. ఆ వాక్యం కోసం మన కౌలు రైతు అయిదు వందల ఏళ్లు ఆగలేడు.